కళామండళ్ల అత్యవసర సహాయ నిధులపై సర్వే: ఏమి అడగాలి, ఎవరిని అడగాలి?

ప్రశ్న

నమస్కారం. విపత్తులు వచ్చినప్పుడు కళాకారులకూ కళాసంస్థలకూ ప్రభుత్వ కళామండళ్లు ఇచ్చే అత్యవసర ఆర్థిక సహాయం మీద ఒక సర్వే చేయడానికి మేము నలుగురం సిద్ధమవుతున్నాము. కళామండలి అన్న మాటను ఇక్కడ విశాలమైన అర్థంలో వాడుతున్నాను. ప్రజాధనాన్ని తీసుకుని కళారంగానికి గ్రాంట్ల రూపంలో పంచే సంస్థ ఏదైనా, అది జాతీయ స్థాయిదైనా, ఒక రాష్ట్రానిదైనా, ఒక నగరానిదైనా మా జాబితాలో ఉంటుంది. వేర్వేరు దేశాల్లో అలాంటివి 140 దాకా గుర్తించాము. 2020లో కోవిడ్ విస్తరించిన నాటి నుంచి ఇచ్చిన సహాయం మా ప్రధాన అంశం. దానితో పాటు వరదలు, తుపానులు, కార్చిచ్చులు వంటి వాటి కోసం శాశ్వతమైన ఏర్పాటు ఏదైనా ఉన్నదా, లేక ప్రతిసారీ ఇల్లు కాలిన తరువాతనే బావి తవ్వుతున్నారా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

ముసాయిదా ప్రశ్నావళిలో 64 ప్రశ్నలు ఉన్నాయి. మొత్తం ఎంత పంచారు, ఎంతమందికి పంచారు, లబ్ధిదారులను ఎలా ఎంపిక చేశారు, ఏ ఇబ్బందులు ఎదురయ్యాయి, ఏ పాఠాలు నేర్చుకున్నారు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఇలాంటి సంస్థల్లో పనిచేసే ఇద్దరు పరిచయస్థులకు దానిని చూపించాము. ఒకరు మర్యాదకు బాగుందన్నారు. రెండవవారు పదకొండవ ప్రశ్న దగ్గర ఆగిపోయి, "దీనికి జవాబు రాయాలంటే మూడు పాత ఫైళ్లు తీయాలి, నాకు అంత తీరిక లేదు" అని ఊరుకున్నారు. నిజానికి ఆ రెండవ అభిప్రాయమే మాకు ఎక్కువ ఉపయోగపడింది.

నా సందేహాలు ఇవి. 140 సంస్థలకూ పంపాలా, లేక వాటిలో కొన్నింటిని శాంపిల్‌గా ఎంచుకోవాలా? సంస్థలో ఎవరి పేరు మీద పంపాలి? ఏ జవాబు ఎవరిదో బయటపెట్టబోమని హామీ ఇస్తే మనసు విప్పి రాస్తారా? అన్నిటికంటే నన్ను వేధిస్తున్నది మరొకటి ఉంది. అందరూ చెప్పిన మొత్తాలను కూడితే వచ్చే అంకెకు ఏమైనా అర్థం ఉంటుందా?

మొదటి సమాధానం (కళా గ్రాంట్ల విభాగంలో చాలాకాలం పనిచేసిన వ్యక్తి)

మీ చివరి సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే సగం ప్రశ్నావళి దానంతటదే మారిపోతుంది. ఆ అంకెకు అర్థం ఉండదు. ఇప్పుడు మీరు అడుగుతున్న రూపంలో అయితే అసలు ఉండదు.

అమెరికా ఉదాహరణ చూడండి. 2020 మార్చిలో వచ్చిన కోవిడ్ సహాయ చట్టమైన కేర్స్ చట్టం అక్కడి జాతీయ కళానిధి సంస్థ అయిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్‌కు 7.5 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో 40 శాతం రాష్ట్ర, ప్రాంతీయ కళాసంస్థల చేతికి వెళ్లింది. వారు దానిని తమ పరిధిలోని వారికి పంచారు. మిగిలిన 60 శాతాన్ని జాతీయ సంస్థే నేరుగా ఇచ్చింది. 2021లో మరో కోవిడ్ సహాయ చట్టమైన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం కింద వచ్చిన 13.5 కోట్ల డాలర్లలో కూడా 40 శాతం ఇలాగే 62 రాష్ట్ర, ప్రాంతీయ సంస్థల ద్వారా వెళ్లింది. దానికి తోడు 66 స్థానిక కళామండళ్లకు, వారు తిరిగి పంచడం కోసం, మరో 2 కోట్ల డాలర్ల పైచిలుకు ఇచ్చారు. ఇప్పుడు మీ ప్రశ్నావళి ఈ మూడు స్థాయిలకూ వెళ్లి "మొత్తం ఎంత పంచారు?" అని అడిగిందనుకోండి. అందరూ నిజమే చెబుతారు, కానీ ఒకే డాలరు మీ పట్టికలో రెండుసార్లు కనిపిస్తుంది. రాష్ట్ర సంస్థ కూడా స్థానిక సంస్థ ద్వారానే పంచిన చోట మూడుసార్లు కనిపించవచ్చు.

కనుక ఆ ఒక్క ప్రశ్నను విడగొట్టండి. ఈ డబ్బు మీకు ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఎంత భాగాన్ని పంచమని మరో సంస్థకు అప్పగించారు, ఎంత భాగాన్ని మీరే చివరి లబ్ధిదారుకు చెల్లించారు అని అడగండి. కూడవలసింది మూడవదాన్ని మాత్రమే. మొదటి రెండూ డబ్బు ఏ దారిన ప్రయాణించిందో చూపించడానికి పనికివస్తాయి, మొత్తం తేల్చడానికి కాదు.

రెండవ చిక్కు దీనికంటే సూక్ష్మమైనది. సహాయంగా ఇచ్చినది కొత్త డబ్బా, లేక పాత డబ్బునే పేరు మార్చి ఇచ్చారా? 2020 మార్చిలో ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ 16 కోట్ల పౌండ్ల అత్యవసర ప్యాకేజీని ప్రకటించింది. అందులో 9 కోట్లు తాము క్రమం తప్పకుండా నిధులిచ్చే సంస్థలకు, 5 కోట్లు ఆ జాబితాలో లేని సంస్థలకు, 2 కోట్లు వ్యక్తులకు కేటాయించారు. అయితే ఆ డబ్బు తమ నిల్వల నుంచీ, లాటరీ ఆదాయంతో నడిచే ప్రాజెక్టు గ్రాంట్ల వంటి మామూలు పథకాల నుంచీ మళ్లించినది. అదే ఏడాది జూలైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించిన 157 కోట్ల పౌండ్ల కల్చర్ రికవరీ ఫండ్ అలా కాదు, అది ఖజానా నుంచి కొత్తగా వచ్చిన సొమ్ము. పైగా ఆ 157 కోట్లూ గ్రాంట్లు కావు. ఇంగ్లండులోని సంస్థలకు ఉద్దేశించిన భాగంలో 88 కోట్లు గ్రాంట్లు, 27 కోట్లు తిరిగి చెల్లించవలసిన రుణాలు అని మొదటి ప్రకటనలోనే ఉంది. మళ్లించిన డబ్బు, కొత్త డబ్బు, అప్పు: ఈ మూడింటినీ ఒకే గడిలో రాయించుకుంటే, తన మామూలు పథకాన్ని ఆపేసిన మండలి కూడా ఎంతో ఉదారంగా కనిపిస్తుంది. ఏ పథకాన్ని ఆపి ఈ సహాయం ఇచ్చారు అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి. ఈ ప్రశ్న కొందరికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

ఇక మీ మిత్రుడి ఫైళ్ల సంగతి. వార్షిక నివేదికల్లో, గ్రాంట్ల జాబితాల్లో, పథకం మార్గదర్శకాల్లో ఇప్పటికే అచ్చయి ఉన్నదాన్ని మళ్లీ అడగకండి. దానిని మీరే నింపి, "ఇది సరిగ్గా ఉన్నదా, తప్పుంటే దిద్దండి" అని పంపండి. ఖాళీ కాగితం చూస్తే పక్కన పెట్టే ఉద్యోగి, తన సంస్థ గురించి తప్పు అంకె కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. ఇది మా విభాగంలో నేను చాలాసార్లు చూసిన స్వభావం.

మీ జాబితాలో నాకు కనిపించని ప్రశ్న ఒకటి ఉంది. ఏ నియమాలను సడలించారు? మామూలు రోజుల్లో గ్రాంటుకు సమానంగా సంస్థ తన వాటా చూపించాలి, డబ్బును ఫలానా ప్రదర్శనకే ఖర్చు పెట్టాలి, మిగిలింది తిరిగి ఇవ్వాలి. కేర్స్ చట్టం నిధుల విషయంలో ఆ సొంత వాటా షరతును తీసేశారు, జీతాలు, అద్దెల వంటి నిర్వహణ ఖర్చులకు వాడుకోవడానికి అనుమతించారు. ప్రతి మండలినీ ఏ నియమాన్ని, ఎవరి అధికారంతో, ఎంతకాలానికి సడలించారు అని అడగండి. చట్టం మార్చవలసి వచ్చిందా, పాలకమండలి తీర్మానం సరిపోయిందా, కార్యదర్శి సంతకంతోనే పని జరిగిందా అన్నది తెలిస్తే, తరువాతి విపత్తులో ఎవరు వేగంగా కదలగలరో చెప్పవచ్చు.

రెండవ సమాధానం (సర్వేల రూపకల్పన వృత్తిగా ఉన్న వ్యక్తి)

పై సమాధానంలో ప్రతి మాటతోనూ ఏకీభవిస్తూ, పద్ధతికి సంబంధించిన సంగతులు చెబుతాను.

శాంపిల్ వద్దు. వేల సంఖ్యలో ఉన్నప్పుడు శాంపిల్ తీస్తారు, 140 ఉన్నప్పుడు అందరినీ అడగాలి. మీకు అసలు ప్రమాదం శాంపిల్ వల్ల కాదు, జవాబు రాయనివారి వల్ల వస్తుంది. 140కి 80 జవాబులు వచ్చాయనుకోండి. మిగిలిన 60 ఎవరు? సిబ్బంది తక్కువ ఉన్న చిన్న మండళ్లు, అసలు సహాయమే ఇవ్వని మండళ్లు వాటిలో ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అప్పుడు మీ నివేదిక కళామండళ్ల గురించి కాక, జవాబు రాసేంత తీరిక, చెప్పుకునేంత పని ఉన్న కళామండళ్ల గురించి అవుతుంది. దీనికి విరుగుడుగా, సర్వే పంపకముందే 140 సంస్థలకూ స్థాయి, వార్షిక బడ్జెట్, సిబ్బంది సంఖ్య వంటి నాలుగైదు వివరాలను బహిరంగ పత్రాల నుంచి సేకరించి పెట్టుకోండి. జవాబు ఇచ్చినవారు, ఇవ్వనివారు వేటిలో తేడాగా ఉన్నారో నివేదికలోనే చూపించండి. అందరినీ అడిగిన సర్వేలో శాంపిల్ దోషం అంటూ ప్లస్ లేక మైనస్ ఇన్ని శాతం అని రాయకండి. అది అక్కడ వర్తించదు.

ఎవరి పేరు మీద పంపాలన్న దానికి ఒక్క పేరు సరిపోదు. అంకెలు గ్రాంట్ల అధికారికి తెలుస్తాయి, విధానపరమైన నిర్ణయాలు కార్యదర్శికో డైరెక్టరుకో తెలుస్తాయి. ముందుగా ఫోను చేసి, ఏ భాగాన్ని ఎవరు నింపుతారో అడిగి, ఇద్దరికీ విడివిడిగా పంపండి. మొత్తం ప్రశ్నావళిని ముందే చదువుకోవడానికి వీలుగా ఒక పీడీఎఫ్ కూడా జతచేయండి, ఎందుకంటే తరువాతి పేజీలో ఏముందో కనిపించని ఆన్‌లైన్ ఫారమ్‌ను ప్రభుత్వ ఉద్యోగి మధ్యలో వదిలేస్తాడు. సగం నింపి దాచుకుని మళ్లీ తెరిచే సౌకర్యం లేకపోతే ఆ ఫారమ్‌ను వాడకపోవడమే మేలు.

పేర్లు బయటపెట్టబోమన్న హామీ విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఇంత చిన్న జాబితాలో పేరు తీసేసినంత మాత్రాన గుర్తు చెరిగిపోదు. "ఒకే ఏడాదిలో తుపానుకూ కోవిడ్‌కూ సహాయం ఇచ్చిన ఒక ద్వీప ప్రాంతపు మండలి" అని రాస్తే, ఈ రంగంలో ఉన్నవాళ్లకు అది ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అందుచేత ప్రశ్నావళిని రెండుగా విడదీయాలి. మొత్తాలు, తేదీలు, నియమాల వంటి వాస్తవాలు సంస్థ పేరుతోనే ప్రచురిస్తామని ముందే చెప్పండి. అవి ప్రజాధనానికి సంబంధించినవి, దాచవలసిన పని లేదు. ఇబ్బందులు, పైవారితో వచ్చిన అభిప్రాయభేదాలు, సిబ్బంది అలసట వంటివి మాత్రం వేరే ఫారమ్‌లో తీసుకుని, కనీసం అయిదు సంస్థలు ఒకే మాట చెప్పినప్పుడే కలిపి రాయండి. ఇంకొకటి. ప్రభుత్వ సంస్థ ఉద్యోగి మీకు రాసిన ఈమెయిల్‌ను సమాచార హక్కు తరహా చట్టాల కింద మరొకరు అడిగి తీసుకోగలిగే దేశాలు చాలా ఉన్నాయి. మీరు నిలబెట్టుకోగలిగినంతే హామీ ఇవ్వండి.

పంపడానికి ముందు నలుగురైదుగురు అధికారుల పక్కన కూర్చుని, ప్రశ్న చదివినప్పుడు వారి మనసులో ఏమి మెదులుతున్నదో పైకి చెబుతూ నింపమనండి. ఈ పని చేయకుండా మేము ఒకసారి దెబ్బతిన్నాము. "మీ సంస్థకు అత్యవసర ప్రణాళిక ఉన్నదా?" అని అడిగితే చాలామంది ఉన్నదని రాశారు, మేము సంతోషించాము. తరువాత ఫోన్లు చేస్తే తేలినదేమిటంటే, వారిలో కొందరు చెప్పినది అగ్నిప్రమాదం జరిగితే భవనం నుంచి ఎలా బయటపడాలో గోడకు అంటించిన కాగితం గురించి. తప్పు వారిది కాదు, ప్రశ్నది.

అంకెల గడుల్లో సున్నా, "లెక్క కట్టలేదు", "మాకు వర్తించదు" అనే మూడింటికీ వేర్వేరు చోటు ఇవ్వండి. గడిని ఖాళీగా వదిలితే ఆ మూడింటిలో ఏదో మీకు ఎన్నటికీ తెలియదు. అలాగే "2020-21 ఆర్థిక సంవత్సరంలో" అని అడగకండి. ఇంగ్లండులో మండలి లెక్కలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, అమెరికాలో చాలా రాష్ట్రాలకు జూలై 1న, అక్కడి కేంద్ర ప్రభుత్వానికి అక్టోబర్ 1న మొదలవుతాయి. పైన చెప్పిన 16 కోట్ల పౌండ్ల ప్యాకేజీనే చూడండి: ప్రకటన మార్చి చివరి వారంలో, అంటే ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చింది, ఖర్చు మరుసటి సంవత్సరంలో పడింది. సంవత్సరాన్ని కాక, పథకాన్ని లెక్కకు ప్రమాణంగా తీసుకోండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి కూర్చుని ముసాయిదాను మళ్లీ రాశాము. మండలి గురించి ఒక పేజీ, అది నడిపిన ప్రతి సహాయ పథకానికీ ఒక్కో పేజీ అన్నట్టు మార్చాము. ప్రశ్నలు 64 నుంచి 27కు తగ్గాయి, వాటిలో 9 మేమే ముందుగా నింపి పంపేవి. డబ్బు దారిని మూడు గడులుగా విడగొట్టాము.

ఇంకా తేలని సంగతులు మూడున్నాయి. సహాయం ఎంత వేగంగా అందిందో కొలవాలని ఉంది, కానీ "ఎన్ని రోజులు పట్టింది" అని అడిగితే ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది స్పష్టంగా లేదు. "అత్యవసర సహాయం" అన్న మాటకు హద్దు ఎక్కడ గీయాలో తెలియడం లేదు. రెండేళ్ల తరువాత మొదలైన పునరుద్ధరణ పథకాలు కూడా కోవిడ్ పేరే చెప్పుకుంటున్నాయి. ఇక "ఏ పాఠాలు నేర్చుకున్నారు?" అన్న ప్రశ్నను ఉంచాలా, తీసేయాలా అన్నదాని మీద మా నలుగురిలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు ఉన్నారు.

మొదటి సమాధానం ఇచ్చిన వ్యక్తి

రోజులు అడగకండి, తేదీలు అడగండి. నిధి మంజూరైన తేదీ, పథకాన్ని ప్రకటించిన తేదీ, దరఖాస్తులు తీసుకోవడం మొదలైన తేదీ, చివరి తేదీ, మొదటి చెల్లింపు జరిగిన తేదీ, సగంమంది లబ్ధిదారులకు డబ్బు చేరిన తేదీ. రోజుల లెక్క మీరే వేసుకోవచ్చు. వీటిలో చివరిది అన్నిటికంటే ముఖ్యమైనది, తీయడానికి అన్నిటికంటే కష్టమైనది కూడా. మొదటి చెల్లింపు చాలా సందర్భాల్లో ఫోటో కోసం జరుగుతుంది. సగటు కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే వివాదంలో పడి ఏడాది ఆలస్యమైన నాలుగు ఫైళ్లు సగటును ఎక్కడికో లాగుతాయి. సరిగ్గా సగంమందికి డబ్బు చేరిన తేదీని చూపే మధ్యగతమే నమ్మదగినది. మంజూరుకూ ఖాతాలో జమకూ మధ్య ఆలస్యం ఎక్కడ జరిగిందో కూడా ఈ తేదీలే చెబుతాయి. ఎంపికకు పది రోజులు పట్టి, ట్రెజరీ నుంచి బిల్లు కదలడానికి రెండు నెలలు పట్టిన పథకానికీ, దానికి తిరగబడినట్టు జరిగిన పథకానికీ మందు ఒకటి కాదు.

తేదీలు ఏమి చెప్పగలవో చూడడానికి అమెరికాలో ప్రదర్శనశాలల కోసం వచ్చిన గ్రాంటు మంచి ఉదాహరణ. మూతపడిన వేదికల నిర్వాహకుల కోసం చట్టం 2020 డిసెంబర్ 27న వచ్చింది. దరఖాస్తుల వెబ్‌సైట్ 2021 ఏప్రిల్ 8న తెరుచుకుని, సాంకేతిక కారణాలతో అదే రోజు మూతపడి, ఏప్రిల్ 26న మళ్లీ తెరుచుకుంది. మంజూరులు మొదలయ్యేసరికి మే నెలాఖరు అయింది. "ఎంత ఇచ్చారు?" అంటే 1,600 కోట్ల డాలర్ల పైచిలుకు కేటాయింపు కనిపిస్తుంది. తేదీలు అడిగితే, అయిదు నెలల పాటు అద్దె కట్టలేక ఎదురుచూసిన హాళ్లు కనిపిస్తాయి. గమనించండి, ఈ పథకాన్ని నడిపినది కళామండలి కాదు, చిన్న వ్యాపారాల ప్రభుత్వ విభాగం. కళారంగానికి వచ్చిన అతిపెద్ద సహాయాలు కొన్నిచోట్ల మీ 140 సంస్థల జాబితాకు బయట ఉన్నాయన్న మాట నివేదిక మొదటి పేజీలో ఉండాలి, లేకపోతే చదివేవారు మీ మొత్తాన్ని దేశం మొత్తం ఇచ్చినదిగా పొరబడతారు.

హద్దు విషయంలో, ఏ హద్దు సరైనదన్న చర్చకు అంతం లేదు. ఒకటి ఎంచుకుని ప్రశ్నావళి పైభాగంలో రాయండి. నేనైతే రెండు షరతులు పెడతాను: ఆ విపత్తు రాకపోతే ఆ పథకం ఉండేది కాదు; ఆదాయం పోయిందనో, ఆస్తి నష్టపోయిందనో చూపిస్తేనే అర్హత దొరికింది. ఐర్లండ్ 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ప్రాథమిక ఆదాయం ఇచ్చే ప్రయోగాన్ని ప్రారంభించింది. దాని ఆలోచన బలపడింది కోవిడ్ తరువాతనే అయినా, నష్టం నిరూపించమని ఎవరినీ అడగలేదు, ఎంపిక కూడా లాటరీ పద్ధతిలో జరిగింది. నా హద్దు ప్రకారం అది మీ సర్వేలోకి రాదు. రావాలని మీరు అనుకుంటే హద్దు మార్చుకోండి, అయితే అందరికీ ఒకే హద్దు ఉండాలి.

ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి ఇచ్చారు అన్న జంట ప్రశ్నతో కూడా జాగ్రత్త. కేర్స్ చట్టం కింద నేషనల్ ఎండోమెంట్ నేరుగా ఇచ్చిన గ్రాంట్లకు 3,100కు పైగా దరఖాస్తులు వచ్చాయి, 855 సంస్థలకు గ్రాంట్లు దక్కాయి, వాటిలో చాలావరకు తలా 50,000 డాలర్ల చొప్పున. దాదాపు నలుగురిలో ఒకరు అనిపిస్తుంది. కానీ గడచిన నాలుగేళ్లలో ఆ సంస్థ గ్రాంటు పొందినవారు మాత్రమే దరఖాస్తు చేయాలన్నది నియమం. అంటే గుమ్మం బయటే నిలిచిపోయినవారు ఈ లెక్కలో అసలు లేరు. అర్హత నియమాన్ని పక్కన రాయకుండా నిష్పత్తి ఒక్కదాన్నే ప్రచురించకండి.

మూడవ సమాధానం (నాటకరంగంలో స్వతంత్రంగా పనిచేసే వ్యక్తి)

ఆ గుమ్మం బయట నిలబడినవారిలో ఒకరిగా రాస్తున్నాను. ఒక మండలికి నేను పెట్టుకున్న దరఖాస్తును, గడచిన రెండేళ్ల ఆడిట్ పత్రాలు లేవని తిప్పి పంపారు. ఒంటరిగా పనిచేసే నటుడికి ఆడిట్ ఎవరు చేస్తారు? కనుక ఏ ఏ రుజువులు అడిగారు అన్న ప్రశ్నను దయచేసి చేర్చండి.

వ్యక్తులకు సహాయం విషయంలో "ఇచ్చారా, లేదా" అన్న ప్రశ్న సరిపోదు. చాలా మండళ్లకు వ్యక్తులకు నేరుగా డబ్బు ఇచ్చే అధికారమే లేదు. అమెరికా జాతీయ సంస్థ 1990ల మధ్య నుంచి, రచయితల ఫెలోషిప్‌ల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, వ్యక్తులకు గ్రాంట్లు ఇవ్వడం లేదు. జర్మనీలో 2020లో 100 కోట్ల యూరోలతో మొదలై తరువాత రెట్టింపయిన నాయ్‌స్టార్ట్ కుల్టూర్ అనే కళారంగ పునరుద్ధరణ కార్యక్రమంలో పంపిణీ చాలావరకు కళారంగంలోని సంఘాలు, నిధుల ద్వారానే జరిగింది. అలాంటి చోట మండలి "మేము వ్యక్తులకు ఇవ్వలేదు" అని రాస్తే అది నిజమే అవుతుంది, అయినా సహాయం వ్యక్తులకు చేరే ఉంటుంది. మధ్యవర్తి ఎవరు, ఖర్చులకని ఎంత శాతం ఉంచుకున్నారు, ఎవరిని ఎంచుకోవాలో మండలి చెప్పిందా, మధ్యవర్తికే వదిలేసిందా అని అడగండి.

"అర్హులందరికీ చేరిందా?" అని మాత్రం మండళ్లను అడగవద్దు. దరఖాస్తు పెట్టనివారి గురించి వారికి తెలియదు, తెలియనిదాని మీద అభిప్రాయం రాయించుకుంటే అది మీ నివేదికలో వాస్తవం వేషం వేసుకుని కూర్చుంటుంది. వారు చేసిన పనిని అడగండి: దరఖాస్తు ఎన్ని భాషల్లో ఉంది, ఫోనులో చెబితే నింపిపెట్టే మనిషి ఉన్నారా, ఎన్ని రోజులు తెరిచి ఉంచారు, ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతి పెట్టారా. ముందు వచ్చినవారికి ముందు అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. మంచి ఇంటర్నెట్, ఖాళీ ఉదయం, ఫారాలు నింపే అలవాటు ఉన్నవారికి అది ఇంకా న్యాయంగా ఉంటుంది.

రెండవ సమాధానం ఇచ్చిన వ్యక్తి

పై మిత్రుడు చెప్పినదానికి చిన్న సవరణ. దరఖాస్తు పెట్టనివారి గురించి తెలుసుకోవాలంటే కళాకారుల సర్వే వేరుగా చేయాలి. రెండింటినీ ఒకే ప్రశ్నావళిలో కలపాలన్న ఆశ కలిగితే అణచుకోండి. ఈ సర్వే ఇవ్వడం గురించి, అది అందుకోవడం గురించి. మధ్యవర్తుల గురించిన ప్రశ్నలను మాత్రం నేను యథాతథంగా చేర్చుకుంటాను.

పాఠాల ప్రశ్నను తీసేయండి. దానికి అందరూ "సమన్వయం ముఖ్యమని తెలుసుకున్నాము" అనే రాస్తారు, దానితో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. దాని బదులు ఇలా అడగండి: అలాంటి విపత్తు రేపే వస్తే, ఈ రోజు మీ చేతిలో సిద్ధంగా ఉన్నవి ఏవి? ప్రత్యేకంగా పక్కన పెట్టిన నిధి, పాలకమండలి ముందే ఆమోదించిన మార్గదర్శకాలు, వాడదగిన దరఖాస్తు ఫారమ్, కళాకారుల తాజా చిరునామాల జాబితా, ఎవరు సంతకం చేస్తే డబ్బు కదులుతుందో చెప్పే ఉత్తర్వు. ప్రతి దానికీ ఉన్నది, తయారవుతోంది, లేదు అని మూడు గడులు చాలు, ఉన్నదంటే ఆ పత్రం ప్రతి జతచేయమనండి. పాఠం నేర్చుకున్నవారు ఎవరో ఆ గడులే చెబుతాయి.

పథకం ముగిసిందా అని కూడా అడగండి. కోవిడ్ నిధులంటే పాత సంగతి అనుకుంటాము గానీ, అమెరికాలో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు 2021లో ఇచ్చిన 35,000 కోట్ల డాలర్లను 2024 డిసెంబర్ 31లోగా కేటాయించి, 2026 డిసెంబర్ 31లోగా ఖర్చు పెట్టాలన్నది గడువు. ఆ డబ్బుతో నడిచిన కళా పథకాలకు చివరి లెక్కలు ఒక్కోచోట ఒక్కోసారి మూతపడతాయి. ముగిసిన పథకాన్నీ, నడుస్తున్న పథకాన్నీ ఒకే వరుసలో పెట్టి పోల్చితే నడుస్తున్నదే నెమ్మది అనిపిస్తుంది.

పంపే సమయం గురించి: ప్రతి మండలికీ ఆర్థిక సంవత్సరం ముగిసే నెల, పెద్ద గ్రాంట్ల దరఖాస్తులు పరిశీలించే నెల ముందే కనుక్కుని, ఆ రెండింటినీ తప్పించండి. అందరికీ ఒకే రోజు పంపాలన్న నియమం ఏదీ లేదు. మొదటి ఉత్తరం, పది రోజులకు గుర్తుచేసే ఉత్తరం, ఆ తరువాత ఫోను. మూడవసారి కూడా అదే ఈమెయిల్ పంపితే ఎవరూ తెరవరు.

ఫోను చేసినప్పుడు అడగవలసిన మొదటి మాట ఒకటి ఉంది: "2020లో ఈ పథకాన్ని నడిపినవారు ఇప్పటికీ మీ సంస్థలో ఉన్నారా?" లేరంటే, వారి స్థానంలో వచ్చినవారు ఫైలు చూసి రాస్తారు, గుర్తుంచుకుని రాయరు. ఆ తేడాను ప్రతి జవాబు పక్కన నమోదు చేయండి. వీలైతే వెళ్లిపోయిన మనిషి ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో మర్యాదగా అడిగి, వారితో ఒక అరగంట విడిగా మాట్లాడండి.